చెయ్యి వేయలేదు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ ఆయన యూనిఫాం చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టాను. వదులు చేయడానికి కాదు, బిగించడానికి. పెళ్ళైనప్పటి నుంచి ఆయన చొక్కాలకు ముక్కలు అతికి వెడల్పు చేయడమే నా పని. స్టోరులో దొరికే అన్నిటికంటే పెద్ద సైజు కూడా ఆయన భుజాల దగ్గరికి వచ్చి దణ్ణం పెట్టేస్తుంది. అలాంటిది ఇవాళ చేతుల దగ్గర కుట్టు లోపలికి వేసి, కండకు అంటుకుపోయేలా చేశాను.

"ఊపిరాడుతోందా?" అని అడిగాను.

"ఆడకపోయినా పర్లేదు. కండ కనపడాలట," అన్నాడు.

కనపడాలన్నది కొత్త ఇన్‌స్పెక్టర్. ట్రాఫిక్‌లో ఎండకు మాడుతున్న మనిషిని ఏరి కోరి అరెస్టులకు వెళ్ళే జట్టులోకి తెచ్చుకున్నాడు. మొదటి రోజే ఆయన్ను గుమ్మంలో నిలబెట్టి, తను కుర్చీలో కూర్చుని తేరిపార చూశాడట. "పక్కల నుంచి వెలుతురు కూడా రావట్లేదయ్యా! ఇన్నాళ్ళూ నిన్ను రోడ్డు మీద నిలబెట్టిన తెలివితక్కువవాడెవడు?" అన్నాడట. ఆ పూట నుంచి స్టేషన్లో ఆయన పేరు గోడ.

నేను బట్టలు కుట్టే షాపులో ఈ సంగతి చెబితే కాజాల వదిన ఒకటే నవ్వు. "అయితే గోడతో కాపురం చేస్తున్నావన్నమాట. చెబితే వింటుందా మీ గోడ?"

"ఎందుకు వినదు, గోడకు చెవులుంటాయిగా. నోరే లేదు," అన్నాను.

వదిన నాకు సొంత వదినేమీ కాదు. నేను కుట్టిన చొక్కాలకు కాజాలు తీసి గుండీలు వేస్తుంది. నేను షాపులో చేరిన రోజు సూది వేల్లో దిగితే, పరుగున వచ్చి సూది లాగి, నా వేలు తన నోట్లో పెట్టుకుంది. ఆ రోజు నుంచి వదినే.

ఫిబ్రవరి 21

సాయంత్రం పాప ఆయన చేతికి కోతిపిల్లలా వేలాడుతూ అడిగింది. "దొంగల్ని కొడతావా నాన్నా?"

"లేదమ్మా. నిలబడతాను."

"అంతేనా?" పాప మొహం చిన్నబోయింది.

పాప ఆటకు వెళ్ళాక నాకు వివరంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మాట్లాడతాడు, ఈయన గుమ్మానికి అడ్డంగా ఉంటాడు. అవతలివాడు రానని మొండికేస్తే ఇన్‌స్పెక్టర్ వెనక్కి చూస్తాడు. అప్పుడు ఈయన ఒక అడుగు ముందుకు వేయాలి. ఇంకా రానంటే ఇంకో అడుగు. "వాడి ముక్కు నా చొక్కా గుండీకి తగిలేలోపే దారికొచ్చేస్తాడు," అన్నాడు.

"మీరేమంటారు?"

"ఏమీ అనకూడదు. అదే కిటుకు. నోరు విప్పానంటే మామూలు మనిషినైపోతాను. భయం పోతుంది."

అదీ నిజమే. ఆయన గొంతు సన్నం. ఫోనులో వినేవాళ్ళు ఆడమనిషి అనుకుంటారు.

"ఇదివరకు వెళ్ళినవాళ్ళు చెంపలు పగలగొట్టి లాక్కొచ్చేవాళ్ళు. నేనొచ్చాక ఒక్కడి ఒంటి మీద కూడా చెయ్యి పడలేదు, తెలుసా?" అన్నాడు.

నాకు గర్వంగా ఉంది. చీమకు కూడా అపకారం చేయని మనిషికి తగ్గ పనే దొరికింది.

మార్చి 2, ఆదివారం

వదిన, అన్నయ్య వచ్చారు. ఆమె వదినైతే ఆమె మొగుడు నాకు అన్నయ్యే కదా. ఆ లెక్కన ఈయనకు బావ. ఆ బావ వరసను ఇద్దరూ ఎంత వాడాలో అంతా వాడుకుంటారు. అన్నయ్య లిఫ్టు మెకానిక్. మనిషి వెదురుబద్దలా ఉంటాడు.

"బావా, నువ్వెక్కితే మా లిఫ్టు మూలుగుతుంది. ఆరుగురు అని బోర్డు రాసినవాడు నిన్ను చూళ్ళేదు పాపం. నీలాంటివాళ్ళ కోసమే మెట్లు కట్టారు," అన్నాడు.

"నువ్వెక్కితే అసలు కదలదు. ఎవరూ ఎక్కలేదనుకుంటుంది," అన్నాడు ఈయన.

తర్వాత ఇద్దరూ బల్ల మీద చేతుల కుస్తీ పట్టారు. అన్నయ్య రెండు చేతులతో తోసి, కుర్చీలోంచి లేచి ఒళ్ళంతా వేసినా ఆయన చెయ్యి కదల్లేదు. పాప పక్కన చేరి కన్ను కొట్టింది. వెంటనే ఆ చెయ్యి ధబీమని పడిపోయింది. అన్నయ్య ఇల్లంతా తిరుగుతూ ఊరేగాడు. "గోడను కూల్చాను చూడండ్రా!" అని. వదిన నవ్వలేక పొట్ట పట్టుకుంది.

మార్చి 11

వదిన పనికి రాలేదు. మధ్యాహ్నం షాపు యజమాని చెప్పాడు. వదిన భర్త వాళ్ళ వంటింటి కిటికీలోంచి పడిపోయాడట. నాలుగో అంతస్తు. ఆ సమయానికి ఇంట్లో పోలీసులున్నారట.

ఏ స్టేషన్ వాళ్ళని నేను అడగలేదు.

సాయంత్రం ఆయన వచ్చి నేరుగా స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు. బయటికి వచ్చాక అడిగాను.

"మా వాళ్ళే," అన్నాడు. "వాడు పనిచేసే బిల్డింగులో రాగి తీగ పోయింది. కాంట్రాక్టరు వాడి మీద అనుమానమన్నాడు."

"మీరు?"

"కింద ఉన్నా. జీపులో."

జీపులో ఉన్నాడు. అందరూ పైకి ఎందుకని కింద ఉండమని ఉంటారు. తెలిసినవాళ్ళ ఇల్లు కదా, అందుకూ అయ్యుంటుంది. నయం.

మార్చి 12

ఆసుపత్రికి వెళ్ళాను. అన్నయ్యకు స్పృహ లేదు. అద్దంలోంచి చూడనిచ్చారు. తలకు కట్టు, ముక్కులో గొట్టం. ఆ మనిషి అంత సేపు నోరు మూసుకుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

వదిన నడవాలో బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, మాట్లాడాను.

"మా ఆయన కింద జీపులో ఉన్నాడట వదినా. పైన ఉండుంటే ఇలా జరగనిచ్చేవాడు కాదు. అన్నయ్యంటే ప్రాణం కదా ఆయనకు. తను పైకి వెళ్ళుంటే అన్నయ్య అసలు భయపడేవాడే కాదు. నిన్నటి నుంచి ఒకటే బాధపడుతున్నాడు."

వదిన నా మొహంలోకి చూసింది. నేను చెప్పేదంతా చెప్పనిచ్చింది. తర్వాత మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంటికెళ్ళు. పాప ఎదురు చూస్తుంటుంది," అంది.

షాక్‌లో ఉంది, పాపం.

మార్చి 13

అన్నయ్య పోయాడు.

మార్చి 14

సాగనంపడానికి వెళ్ళాను. ఆయనకు డ్యూటీ అట, రాలేదు. వాళ్ళ సందు నిండా జనం. లిఫ్టు పనివాళ్ళు అందరూ వచ్చారు. నన్ను చూడగానే పక్కకు జరిగి దారి ఇచ్చారు. కావలసిన దానికంటే ఎక్కువ దారి ఇచ్చారు.

మార్చి 18

ఎవరూ చెయ్యి వేయలేదు. డాక్టరు కూడా అదే రాశాడట. పడ్డ దెబ్బలు తప్ప ఒంటి మీద వేరే దెబ్బ లేదట. ఆయన అన్నం ముందు కూర్చుని ఇదే చెప్పాడు. మళ్ళీ పడుకోబోయే ముందు చెప్పాడు.

జీపులో ఉన్న మనిషి ఇన్నిసార్లు ఎందుకు చెప్పాలి?

దిగులు పడ్డప్పుడు మనిషి చెప్పిందే చెబుతాడు. అంతే.

మార్చి 26

వదిన షాపుకు వచ్చింది. పని చేయడానికి కాదు, తన కత్తెర తీసుకెళ్ళడానికి. భోజనాల వేళ, షాపులో మేమిద్దరమే ఉన్నాం. కత్తెర సంచిలో వేసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. నా మిషను ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు ఆసుపత్రిలో నిన్ను ఆపాల్సింది. నాకు నోరు రాలేదు," అంది.

నేను మిషను మీదున్న గుడ్డను సర్దుతూ ఉన్నాను.

"తలుపు తీసింది నేనే. ఇన్‌స్పెక్టర్ వెనకాల మీ ఆయన్ని చూసి హమ్మయ్య అనుకున్నాను. మనవాడే కదా, ఏం భయం అని. మీ అన్నయ్య కూడా, 'బావా, నువ్వా! రా, కూర్చో' అన్నాడు. మీ ఆయన పలకలేదు. ఇన్‌స్పెక్టర్ తీగ ఎక్కడ దాచావన్నాడు. నాకేం తెలుసు సార్ అన్నాడు మీ అన్నయ్య. అప్పుడు ఇన్‌స్పెక్టర్ వెనక్కి చూశాడు. మీ ఆయన ఒక అడుగు ముందుకేశాడు."

"వదినా..."

"విను. మీ అన్నయ్య నవ్వాడు. 'ఏంటి బావా, నా మీదకే?' అన్నాడు. ఇంకో అడుగేశాడు. అప్పుడు పోయింది నవ్వు. మీ ఆయన మొహం వంకే చూస్తున్నాడు, అందులో ఎక్కడైనా తన బావ కనపడతాడేమోనని. 'ఏదో ఒకటి అనవయ్యా బావా, భయమేస్తోంది' అన్నాడు. ఏమీ అనలేదు. వెనక్కి జరుగుతూ జరుగుతూ వంటింట్లో పడ్డాం. మా వంటిల్లు నీకు తెలుసుగా, ఇద్దరు పట్టరు. ఆ గుమ్మం నిండా మీ ఆయనే. ఇక మిగిలింది కిటికీ ఒక్కటే. రోజూ అంతకంటే ఎత్తులో పనిచేసే మనిషి. పైపు పట్టుకుని దిగిపోదామనుకున్నాడు. చేతులు వణుకుతుంటే ఏం పట్టుకుంటాడు?"

రోడ్డు మీద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. అది స్టార్టు కావడం లేదు. ఆ చప్పుడే వింటూ కూర్చున్నాను. తర్వాత నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు.

"చెయ్యి వేశాడా వదినా?"

వదిన సంచి భుజాన తగిలించుకుంది.

"లేదు. వేసుంటే బాగుండేది. ఒక్క లెంపకాయ కొట్టుంటే కింద కూలబడి ఏడ్చి, నోరు మూసుకుని జీపెక్కేవాడు. బతికుండేవాడు."

లేచి వెళ్ళిపోయింది. నేను గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

మార్చి 27

పాపను బడికి పంపి అడిగాను. "జీపులో ఉన్నానన్నారు."

"ఉన్నాను. తలుపు తట్టే ముందు పైకి పిలిచారు."

"వాళ్ళిల్లని తెలుసు కదా."

"తెలుసు. నన్ను చూస్తే ధైర్యంగా ఉంటాడనుకున్నాను," అన్నాడు. షూ లేసులు కట్టుకుంటూ వంగి ఉన్నాడు, తల ఎత్తలేదు. "పైకి వెళ్ళేటప్పుడు నిజంగా అదే అనుకున్నాను."

"బావా అన్నప్పుడు ఒక్క మాట పలికితే ఏం పోయేది?"

లేసు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు.

"వాడు నవ్వాడు చూడు, అప్పుడు నాకూ నవ్వొచ్చింది," అన్నాడు. "పెదాల దాకా వచ్చేసింది. ఇన్‌స్పెక్టర్ చూస్తున్నాడు. నవ్వాపుకోవడానికి ఇంకో అడుగేశాను."

ఏప్రిల్ 1

విచారణకు పిలుపు వచ్చింది. అన్నయ్య తనను బావా అని పిలిచిన సంగతి చెప్పాలంటాడు ఆయన. ఎవరికి చెప్పాలి? చెబితే పోయినవాడు తిరిగొస్తాడా? అడిగినదానికే జవాబు చెప్పమన్నాను. కొట్టావా అంటే లేదని. తోశావా అంటే లేదని. అందులో అబద్ధమేముంది? మూడు పూటలు కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను. పాప పక్కనే హోంవర్కు చేసుకుంటూ అంతా విన్నది.

ఏప్రిల్ 7

విచారణ అయిపోయింది. నేనూ వెళ్ళాను. గది బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినపడ్డాయి.

"కొట్టావా?" అన్నాడు పెద్దాఫీసరు.

"లేదు సార్."

"తోశావా?"

"లేదు సార్."

"బెదిరిస్తూ ఏమైనా అన్నావా?"

"ఒక్క మాట కూడా అనలేదు సార్. అదే సార్..."

"అదే ఏంటి?"

"బావా అని పిలిచాడు సార్. నేను పలకలేదు."

"పలకకపోవడం నేరం కాదయ్యా."

"అడుగులేశాను సార్, ముందుకి."

"మరి ఇంట్లోకి వెళ్ళాలంటే అడుగులేయక ఎగురుతారా?"

లోపల ఎవరో నవ్వారు. ఆయన మళ్ళీ ఏదో అనబోతే, చాలు, సంతకం పెట్టమన్నారు.

ఎవరి తప్పూ లేదని తేల్చారు. తీగ కూడా దొరికిందట. కాంట్రాక్టరు మనుషులే అమ్ముకున్నారట. అది కూడా ఆ గదిలోనే, ఫ్యాను వేగం పెంచమన్నట్టు, మాటల మధ్యలో చెప్పారు.

నాకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. అబద్ధం ఎందుకు రాయాలి, దిగింది. ఇంటికి వస్తూ పాపకు కొత్త రంగు పెన్సిళ్ళు కొన్నాను.

ఏప్రిల్ 19

ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు. టీ బాగుందన్నాడు.

"మీ ఆయన్ని కాస్త హుషారు చేయండమ్మా. ఇప్పుడు మాకు పని ఎంత తేలికైందో తెలుసా? గోడ వస్తోందని తెలిస్తే చాలు, వాళ్ళే దిగొచ్చేస్తున్నారు. నిన్న ఒకడైతే సగం గడ్డం గీసుకుని, సబ్బు మొహంతో వచ్చి జీపెక్కాడు."

నవ్వాడు. మర్యాదకు నేనూ నవ్వాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, మోకాళ్ళు కొంచెం వంచి. ఈ మధ్య ఎప్పుడూ అలాగే నిలబడుతున్నాడు. నడుం నొప్పి వస్తుందని చెబితే వినడు.

మే 3

ఇది రాయాలని లేదు.

ఆయన ఆ జట్టులో ఉండనని కాగితం ఇచ్చేశాడు. ట్రాఫిక్‌లో వేస్తే వేస్తారు, లేకపోతే ఉద్యోగం మానేస్తానన్నాడు. వదిన దగ్గరికి వెళ్ళి మాట్లాడతానన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వంటింట్లో ఉన్నాను. అక్కడి నుంచే అరిచాను.

"వెళ్ళి ఏం చెబుతారు? మీరు చెయ్యి వేయలేదని డాక్టరు చెప్పాడు, పెద్దాఫీసరు చెప్పాడు, ఆఖరికి వదినే చెప్పింది. మీకొక్కరికే ఎందుకు ఎక్కడం లేదు? పోయినవాడు ఎలాగూ పోయాడు. మమ్మల్ని కూడా రోడ్డున పడేస్తారా?"

ఆయన కుర్చీలోంచి లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. లైటు ఆయన వెనకాల ఉంది. మొహం కనపడలేదు. ఒక అడుగు వేశాడు.

నేను వెనక్కి జరిగాను. కావాలని జరగలేదు. కాళ్ళే జరిగాయి. ఇంకో అడుగు వేశాడు. నా వీపు గిన్నెల స్టాండుకు తగిలి గిన్నెలన్నీ కింద పడ్డాయి. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

పదేళ్ళ కాపురంలో ఆ మనిషి నా మీద చెయ్యి ఎత్తింది లేదు, గొంతు ఎత్తింది లేదు. అయినా చేతులు అడ్డం పెట్టుకున్నాను.

"నీళ్ళు," అన్నాడు. ఆ సన్నటి గొంతుతో. "నీళ్ళ కోసం వచ్చానే."

బిందె నా వెనకాలే ఉంది.

గిన్నెల చప్పుడుకు పాప పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "నాన్నా, జరుగు," అంది.

ఆయన జరిగాడు. హాల్లోకి వెళ్ళి నేల మీద కూర్చున్నాడు. నేను గిన్నెలు ఏరుతూ, నీళ్ళ కోసమే కదా, నీళ్ళ కోసమే కదా అని పైకే అనుకుంటూ ఉన్నాను. గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చాను. సగం నీళ్ళు ఆయన ఒళ్ళో ఒలికాయి. తుడుచుకోలేదు.

"వాడికీ ఇలాగే కనపడి ఉంటాను," అన్నాడు.

మే 4

ఆయన బట్టలు సర్దుకుని బారక్స్‌కు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళే అన్నాడు. ఆపాను. గట్టిగా ఆపలేదు.

మే 13

వదిన వాళ్ళ సందులో ఉండే కస్టమరు చెప్పింది. మొన్న ఆయన వెళ్ళాడట. పైకి ఎక్కలేదట. రోడ్డు మీదే నిలబడి, నాలుగో అంతస్తు వైపు తలెత్తి అరిచాడట. "అమ్మా! బావా అని పిలిచాడు. విన్నానమ్మా! నాకు వినపడింది!" అని. ఆ గొంతు విని పిల్లలు నవ్వారట.

వదిన కిటికీ దగ్గరికి వచ్చిందట. "ఇప్పుడు పలికావా?" అందట. కిటికీ మూసేసిందట.

ఆయన చీకటి పడేదాకా అక్కడే ఉన్నాడట.

మే 25, ఆదివారం

ఇప్పుడు ఆదివారాలు పాప కోసం వస్తున్నాడు. ట్రాఫిక్‌లోనే వేశారు, మొహం నల్లబడింది. తలుపు తట్టి, నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడతాడు. నేను తలుపు తీసేసరికి ఆయన తల నా తలకంటే కింద ఉంటుంది. చొక్కా కొత్తది, బయటెక్కడో కుట్టించుకున్నాడు. భుజాల దగ్గర సరిగ్గా కుదరలేదు. ఎవరు కుట్టారని అడగబోయి మానేశాను.

"లోపలికి రండి," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు, నా కాళ్ళ వైపు చూశాడు. నేనూ చూసుకున్నాను. గడప దగ్గర తలుపు తీసినదాన్ని, రెండడుగులు లోపలికి వచ్చేసి ఉన్నాను.

"పాపను పంపించు. పార్కు దాకా తిప్పి తీసుకొస్తాను," అన్నాడు.

పంపించాను. కిటికీలోంచి చూశాను. రోడ్డు మలుపు దాకా పాప ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. ఆయన ఆగి, వంగి, ప్రతిదానికీ జవాబు చెబుతున్నాడు.

వచ్చే ఆదివారం తలుపు తీశాక అక్కడే, కదలకుండా నిలబడాలి. పోయిన ఆదివారం కూడా ఇలాగే అనుకున్నాను.